దస్తీ వేసిన సీటు

అమీర్‌పేట,
జూన్ రెండో వారం.

భానుకి,

ఎప్పుడు చేసినా నీ ఫోన్ స్విచ్చాఫ్. నిరుడు మీ పెద్దమ్మ గారు పూతరేకులు పంపిన అట్టపెట్టె ఇంకా నా దగ్గరే ఉంది, అందులో జడక్లిప్పులు వేసుకుంటున్నాను. దాని మీద మండపేట అడ్రసు చూసి ఇది రాస్తున్నాను. ఫణీంద్ర సార్ క్లాసులో పాత్రల పేరున ఉత్తరాలు రాయించినప్పుడు ఆయన్ని తిట్టుకున్నాం కదా, ఇప్పుడు పనికొచ్చింది. కాగితం మీద నాకు బడి తెలుగే వస్తుంది, నవ్వకు. మాట్లాడితే ఎట్లుంటదో నీకు తెల్సు.

వారంలో వస్తానని ఒక్క బ్యాగు పట్టుకుని పోయినదానివి, ఇప్పటిదాకా జాడ లేదు. ఇక్కడ నాటికల సీజన్ మొదలైంది. పంజాగుట్టలో అదే హాలు, అవే మెట్లు. జూలై ఆఖరు దాకా శనివారం శనివారం ఒక నాటిక. మొదటిదానికి జనం ముందు మూడు వరసలు నిండారు, అందులో సగం మన యూనివర్సిటీ వాళ్ళే. ఆ పాత బిల్డింగు దూలాల కప్పు తెలుసుగా, స్టేజీ సరిగ్గా కింద ఉన్న పోచయ్య టీ కొట్టు నెత్తి మీదికి వస్తుంది. మహిపాల్ ఒకచోట ఎగిరి దూకాడు. ఆట అయ్యాక మెట్ల దగ్గర పోచయ్య మమ్మల్ని ఆపి, "జర మెల్లగ నడువుండ్రి, మీ నాటకం నా చాయ్‌ల పడుతున్నది" అన్నాడు. పాలగిన్నెలో సున్నం రాలిందట.

నా సంగతి ఏముంది. రిహార్సల్‌కి ఎవరు రాకపోతే వాళ్ళ మాటలు నేను చదువుతాను. అన్ని నాటికలూ నోటికి వచ్చు, ఒక్కదాంట్లోనూ వేషం లేదు. ఇప్పుడు ఆఖరి నాటికలో నీ రుద్రమ్మ మాటలు చదువుతున్నాను. కూలగొట్టబోయే అపార్ట్‌మెంటు తాళాలు యజమానికి తిరిగి ఇచ్చేసే వాచ్‌మన్ పెళ్ళాం నేను, కాకపోతే రిహార్సల్ వరకే. సార్ రోజూ నన్నే అడుగుతాడు, భానుశ్రీ ఎప్పుడొస్తుందమ్మా అని. వస్తుంది సార్ అంటాను. బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేసి, ఎవరన్నా కూర్చోబోతే "ఇక్కడ మనిషి ఉంది" అంటారు చూడు, ఆ దస్తీని నేను.

నీ మంచం సంగతి కూడా అంతే. రత్నమాల ఆంటీ రెండుసార్లు వచ్చి, "హాస్టల్ అన్నాక ఖాళీ మంచం ఎన్నాళ్ళు పెట్టుకుంటానమ్మా" అంది. నా బట్టలన్నీ దాని మీద పరిచేశాను. సాయంత్రం వచ్చేసరికి ఆ బట్టలే నన్ను చూస్తుంటాయి. గదిలో మాట్లాడే మనిషి లేక రుద్రమ్మ మాటలు గోడకి చెబుతున్నాను. తొందరగా రా.

నీ
చంద్రిక


మండపేట,
జూన్ ఆఖరు.

చంద్రీ,

పోస్ట్‌మాన్ నా పేరు పిలిస్తే మా పెద్దమ్మ కంగారు పడిపోయింది, ఈ రోజుల్లో ఉత్తరం అంటే కోర్టు నోటీసే అనుకుంటారు కదా. నీ బడి తెలుగు బాగానే ఉంది. అయినా మధ్యలో "తెల్సు" అన్నచోటే నీ గొంతు వినపడింది.

ఫోన్ చేయకు. ఇక్కడ ఇంటినిండా జనం, మాట్లాడే వీలుండదు. ఉత్తరమే రాయి. పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదు, పనికి మనిషి కావాలి, అందుకే ఉండిపోయాను. నాకు మేడ మీద గది ఇస్తామన్నారు గానీ వీధి గదిలోనే ఉంటున్నాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పొద్దున్నే బడికి పోయే ఆటోలు చూస్తాను. ఒక్కో ఆటోలో పదిమంది పిల్లలు, బయటికి వేలాడే బ్యాగులు. సాయంత్రం మళ్ళీ అవే ఆటోలు. మధ్యలో ఏమీ ఉండదు. ఏంటి భానూ ఈ బతుకు అని నన్ను నేనే అడుగుతుంటాను, జవాబు చెప్పే పనిలేకుండా ఆటో వచ్చేస్తుంది.

ఆఖరి ఆటకి వస్తాను. సార్‌తో అదే చెప్పు. రుద్రమ్మని నాకోసం వెచ్చగా ఉంచు. మంచం ఆంటీకి ఇచ్చేయ్, పాపం ఆవిడ వ్యాపారం ఆవిడది.

నీ
భాను


అమీర్‌పేట,
జూలై మొదటి వారం.

భానూ,

మంచం ఇచ్చేశాను. హైందవి అని ఒకమ్మాయి వచ్చింది, ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయదు. నేను పలకరిస్తే ఒక చెవిది తీసి, జవాబు చెప్పి, మళ్ళీ పెట్టుకుంటుంది. మంచిదే పాపం, నా ప్రాణానికే తోడు కాలేదు.

నువ్వు వచ్చేదాకా రుద్రమ్మని చల్లారనివ్వకూడదని గట్టిగా పని చేస్తున్నాను. మాటలు సులువే. ఆ నడకే అంతు చిక్కడం లేదు. చివర్లో మాట లేకుండా తాళంచెవుల గుత్తి పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకి, కుర్చీలో కూర్చున్న యజమాని దాకా నడుస్తుంది కదా. నువ్వు ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడిచేదానివి. మధ్యలో ఆ విరిగిన స్టూలు దగ్గర ఆగి, దాని మీద చెయ్యి పెట్టి, ఒక ఊపిరి తీసుకుని మళ్ళీ కదిలేదానివి. నిజం చెప్తున్నా, అది చూసిన మొదటి రోజు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. స్క్రిప్టులో ఆ కుంటు ఎక్కడా లేదు. నువ్వే పుట్టించావు. సార్ అయితే "పాత్ర మొత్తం ఆ కుంటులోనే ఉంది, అది పోగొట్టకు" అని నాకు రోజూ చెబుతున్నాడు.

అందుకని రోడ్డు మీద ప్రాక్టీస్ చేస్తున్నాను. మొన్న పంజాగుట్ట స్టేషన్ దాకా కుంటుకుంటూ పోయి మెట్రో ఎక్కితే, ఒకావిడ లేచి సీటిచ్చింది. "కూసో బిడ్డా, కాలు నొస్తుందా" అంది. అమీర్‌పేటలో దిగిపోయేదాన్ని, ఒక్క స్టేషనే. అయినా కూర్చున్నాను. లేచి మామూలుగా నడిచిపోతే ఆవిడ ఏమనుకుంటుందోనని దిగాక కూడా మెట్ల దాకా కుంటాను. నాకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

నాకు నేర్పు. బరువు ముందు ఏ కాలి మీద పడాలి? నడుము వంగాలా వద్దా? ఆ ఆగడం లోపల లెక్కపెట్టుకుంటావా? ఎవరిని చూసి పట్టావు దాన్ని?

నీ
చంద్రిక


మండపేట,
జూలై.

చంద్రికా,

అది నేర్పేది కాదు. ఎవరినీ చూసి పట్టలేదు. సార్‌కి ఎలా నచ్చితే అలా చెయ్యండి. పెద్దమ్మకి మందులు వేసే వేళయింది, ఉంటాను.

భానుశ్రీ


అమీర్‌పేట,
జూలై.

భానుశ్రీ గారికి,

పూర్తి పేరు పెట్టి సంతకం చేశారు కాబట్టి మేమూ గారు అంటున్నాం.

నేనేం తప్పు చేశానో నాకు తెలియలేదు. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. చదివి అట్టపెట్టెలో పడేశాను. తర్వాత తీసి మళ్ళీ చదివాను. ఈ శనివారం ఆటకి హాలు సగం నిండింది, మహిపాల్ బాగా చేశాడు, అందరూ కలిసి హోటల్‌కి పోయారు. నేను తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. అబద్ధం. నాకు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియలేదు, అంతే. నువ్వుంటే నీ పక్కనే కదా కూర్చునేదాన్ని.

ఇంకొకటి దాచాను, ఇప్పుడు చెప్పేస్తాను. సార్ రెండు వారాల కిందటే అన్నాడు, "భానుశ్రీ వచ్చేటట్లు లేదు, రుద్రమ్మ నువ్వు చెయ్యి" అని. నేను చెయ్యనన్నాను. పోస్టర్ మీద నీ పేరే ఉండాలని గొడవ పెట్టుకున్నాను. నీకు రాయలేదు ఎందుకంటే, చెయ్యనని నోటితో అంటున్నప్పుడే లోపల ఒకత్తి "చెయ్యి చెయ్యి" అంటోంది. రెండేళ్ళ నుంచి వేరేవాళ్ళ మాటలు చదువుతున్నాను భానూ. ఒక్కసారి లైటు నా మీద పడితే బాగుండునని ఉంది. నీ వేషం మీద ఆశ పడుతున్నానని నా మీద నాకే అసహ్యంగా ఉంది.

కాబట్టి సూటిగా చెప్పు. వస్తున్నావా, రావడం లేదా? వస్తానంటే దస్తీలాగే పడి ఉంటాను. రానంటే అదైనా చెప్పు.

చంద్రిక


మండపేట,
జూలై.

చంద్రీ,

రావడం లేదు.

పెద్దమ్మ నిక్షేపంగా ఉంది. నా మందులే ఆవిడ వేస్తోంది. ఫోన్ ఎందుకు ఆపేసి పెట్టానంటే, నా గొంతు వింటే నీకు అబద్ధం దొరికిపోతుంది. అందరి గొంతులూ చదివిన దానివి నువ్వు. కాగితం మీదైతే దాచుకోవచ్చనుకున్నాను. నువ్వు ఏ కాలి మీద బరువు వేయాలని అడిగేదాకా బాగానే దాచుకున్నాను.

ఆ కుంటు నటన కాదే. పోయిన చలికాలంలో మొదలైంది, ఎడమ తుంటిలో. మెట్లు ఎక్కుతుంటే కలుక్కుమనేది. బెణికిందనుకుని నొప్పి బిళ్ళలు మింగి రిహార్సల్‌కి వచ్చేదాన్ని. ఒకరోజు బిళ్ళ పని చేయలేదు. రుద్రమ్మ నడక దగ్గర కాలు ఈడ్చాను, మధ్యలో అడుగు పడక స్టూలు పట్టుకుని ఆగాను. ఇప్పుడు సార్ నన్ను తీసేస్తారు అనుకున్నాను. ఆయన చప్పట్లు కొట్టారు. "ఎక్కడ పట్టావమ్మా దీన్ని" అన్నారు. మీరందరూ కొట్టారు. నువ్వు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఇంక ఆ రోజు నుంచి ఎలా చెప్పను? నా నొప్పి చూసి అందరూ ఎంత బాగా చేస్తున్నావు అంటుంటే నాకు గర్వంగా కూడా ఉండేది. పిచ్చిదాన్ని.

ఎముకకి రక్తం అందడం లేదట. అరిగిపోతోందట. ఆపరేషన్ చేసి కీలు మారుస్తామంటున్నారు. నడవొచ్చు, మెట్లు నెమ్మదిగా ఎక్కొచ్చు, దూకడం, కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం వద్దన్నారు. స్టేజీ సంగతి నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు వీధి గదిలోంచి వంటింట్లోకి పోవాలన్నా గోడ కావాలి.

మెట్రోలో నీకు సీటిచ్చిందని రాశావే, ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచేశాను. నీ మీద కోపం కాదు. నాకు నిజంగా అక్కర ఉన్నన్నాళ్ళూ నేను నిలబడే వచ్చాను, ఎవరికీ తెలియకూడదని తిన్నగా నిలబడి.

రుద్రమ్మ నువ్వు చెయ్యి. ఆశపడటం తప్పు కాదు, నేను పడలేదా? దస్తీ తీసేసి సీట్లో కూర్చో. ఒక్కటే అడుగుతాను. కుంటకు. సార్ ఏమన్నా సరే. ఆ నడక నాది, నాకు ఇష్టం లేకుండా వచ్చింది, నాతోనే ఉండనీ. నువ్వు నీ నడక నడువు. ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

నీ
భాను


అమీర్‌పేట,
జూలై, బోనాల తర్వాత.

భానూ,

చాలా రాసి చింపేశాను. నీ పక్క మంచం మీదే కదా పడుకున్నాను ఆ చలికాలమంతా. పొద్దున నువ్వు లేచేటప్పుడు ముందు గోడ పట్టుకునేదానివి. బద్ధకం అని వెక్కిరించేదాన్ని. ఇప్పుడు ఆ గోడ చూస్తే ఏడుపొస్తోంది.

ఎవరికీ చెప్పలేదు. సార్ దగ్గరికి పోయి, రుద్రమ్మ చేస్తాను గానీ కుంటను అన్నాను. ఎందుకని అడిగాడు. నాకు రాదు సార్ అన్నాను. "నిన్నటిదాకా బ్రహ్మాండంగా కుంటి, ఇయ్యాల రాదంటవేంది" అని విసుక్కున్నాడు. కుంటు తీసేస్తే ఆ సీన్‌లో ఏముంది, ఒకామె ఇటు నుంచి అటు పోవడం తప్ప అన్నాడు. ఆయన అన్నది నిజమే, అదే నా భయం. రిహార్సల్‌లో తిన్నగా నడిచాను. ఏమీ లేదు. కరెంటు బిల్లు కట్టడానికి పోతున్నట్టుంది. శనివారం దాకా టైమిస్తా, అప్పటికీ ఇట్లనే ఉంటే కుంటాల్సిందే అన్నాడు సార్.

ఆదివారం బల్కంపేట పోయాను. ఎల్లమ్మ గుడి వైపు అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. హైందవిని రమ్మన్నాను, జనం అంటే భయమట. ఒక్కదాన్నే గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా ఎదురుగా ఒకామె నెత్తి మీద బోనం కుండ ఎత్తుకుని పోతోంది. డప్పులు, తోపులాట, పిల్లలు కాళ్ళకి అడ్డం పడుతున్నారు. ఆమె మెడ కదలడం లేదు. చేతులు కిందికి వదిలేసింది. పాదం మెల్లగా ఆనించి, నేల ఉందని తెలిశాక బరువు వేస్తోంది.

నేను మొదటిసారి బోనం ఎత్తినప్పుడు సిద్దిపేటలో మా అమ్మ లచ్చమ్మ నా వెనకే నడిచింది. తడబడి కింద చూస్తే, "కిందికి సూడకు బిడ్డా. నువ్వు సూస్తే బోనం సుత కిందికే సూస్తది" అంది. ఆ మాట ఎప్పుడో మర్చిపోయాను. అక్కడ గోడ పక్కన గుర్తొచ్చింది. రుద్రమ్మ చేతిలో ఉన్నది తాళంచెవులే గానీ, ఇన్నేళ్ళ ఇల్లు కదా, నెత్తి మీద మోసుకుపోతే ఇట్లనే పోతది అనిపించింది. అట్ల నడిచి చూస్తాను. సార్‌కి నచ్చకపోతే అప్పుడు చూద్దాం.

నిన్ను రమ్మని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. ముందు వరసలో చివరి కుర్చీ మీద నా దస్తీ వేసి ఉంచుతాను, ఆ నీలం గళ్ళది. నువ్వు చూస్తున్నావంటే భయం లేకుండా నడుస్తాను.

నీ
చంద్రిక


అమీర్‌పేట,
ఆగస్టు.

భానూ,

నువ్వు రాలేదు.

రావనే అనుకున్నాను. అయినా లైట్లు ఆరేదాకా తెర సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఆఖరి ఆట కదా, హాలు నిండింది, గోడల వెంట నిలబడ్డారు. ఒక పెద్దాయన కుర్చీ దగ్గరికి వచ్చి, "ఎవలన్న ఉన్నరా బిడ్డా ఇక్కడ" అని అడిగాడు. "మనిషి ఉన్నది, వస్తది" అని తెర సందులోంచే అన్నాను. పాపం ఆయన ఆటంతా నిలబడే చూశాడు.

నడిచాను. కుంటలేదు. కింద చూడలేదు. సగం దాకా బాగానే పోయాను. అక్కడ, ఆ స్టూలు దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. నాకు అక్కడ ఆగాల్సిన పనే లేదు. ఆగాను. ఎంతసేపో తెలియదు, హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా. తర్వాత మిగతా సగం నడిచి గుత్తి ఇచ్చేశాను.

చప్పట్లు కొట్టారు. సార్ దగ్గరికి వచ్చి భుజం తట్టి పోయాడు. మహిపాల్ హోటల్‌కి రమ్మన్నాడు, ఈసారి పోయాను. అందరి మధ్య కూర్చుని బిర్యానీ తిన్నాను. ఇన్నాళ్ళూ కోరుకున్నది దొరికిన రోజు ఎవరికి చెప్పుకోవాలో ఆ మనిషి లేకపోతే ఎట్లుంటదో ఆ రోజు తెలిసింది.

దస్తీ ఇందులో పెడుతున్నాను. నా దగ్గరుంటే ఊరికే చూస్తుంటాను. నీ ఆపరేషన్ ఎక్కడ, ఎప్పుడు, ఒక్క ముక్క రాయి.

నీ
చంద్రిక


బంజారా హిల్స్,
ఆగస్టు.

చంద్రీ,

పైన ఊరి పేరు చూసి తిట్టకు, ముందు చదువు.

నేను వచ్చాను. మీ ఆఖరి ఆట రోజునే ఇక్కడి ఆస్పత్రిలో స్కానింగ్ ఉండింది. రఘురామ్ బాబాయ్ తీసుకొచ్చాడు. రాత్రి బండికి తిరిగి వెళ్ళిపోవాలి. మధ్యలో పంజాగుట్టలో ఆపమని బతిమాలాను. చేతికర్రతో మెట్ల దాకా వచ్చాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను, రెండోది ఎక్కలేకపోయాను. బాబాయ్ ఎత్తుకుంటానన్నాడు. నన్ను ఎత్తుకుని తెచ్చి కుర్చీలో పెట్టడం మీరంతా చూడాలా? వద్దన్నాను. పోచయ్య బల్ల మీద కూర్చున్నాను. ఆయన గుర్తుపట్టి, "నువ్వు మీదికి పోలేదేంది బిడ్డా" అన్నాడు. ఇక్కడి నుంచి బాగా వినపడుతుంది తాతా అన్నాను. ఆయన పాలగిన్నె మీద మూత పెట్టాడు.

మాటలు ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి. తర్వాత మాటలు ఆగిపోయాయి. నా నడక మొదలయ్యే చోటు అది. నేను నడిచినప్పుడు ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చినట్టు వినపడేది, ఆ చెక్కల మీద అది నాకు బాగా తెలుసు. అదే వినపడుతుందేమోనని చెవులు మూసుకోబోయాను. రెండడుగులూ ఒక్కలాగే వినపడ్డాయి చంద్రీ. మెల్లగా, బరువుగా, ఒక్కలాగే, నా తల మీదుగా. సరిగ్గా మధ్యలో ఆగావు. నీకు అక్కడ నొప్పి లేదు. అక్కడ ఆగాల్సిన పనే లేదని రాశావు గానీ ఎందుకు ఆగావో నాకు తెలిసింది. పోచయ్య కొట్టులో అందరూ ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాను. మళ్ళీ నువ్వు కదిలాక నేనూ లేచాను.

పైకి కబురు పంపొచ్చు, నువ్వు పరిగెత్తుకుని కిందికి వచ్చేదానివి. ఆ రోజు నువ్వు నాకోసం ఏడవకూడదనుకున్నాను. ఆ రోజు నీది.

నిన్ననే ఆస్పత్రిలో చేరాను, ఎల్లుండి ఆపరేషన్. నీ ఉత్తరం, దస్తీ బయల్దేరే ముందు అందాయి. ఈ కాగితం బాబాయ్ చేత హాస్టల్‌కి పంపిస్తున్నాను. నా మంచం పక్కన సాయానికి వచ్చినవాళ్ళ కోసం ఒక కుర్చీ ఉంది. పొద్దున పక్క మంచం వాళ్ళ బంధువు ఒకావిడ వచ్చి, అది ఖాళీయేనా అమ్మా, తీసుకోనా అని అడిగింది.

నీలం గళ్ళ దస్తీ వేసి ఉంది దాని మీద. లేదండీ, మనిషి ఉందన్నాను.

నీ
భాను